పైవాటా అంటేగారు

మా పైవాటాలో అద్దెకున్న ఆయన తనకి తెలియని మాట ఒక్కటి చెవిన పడిందంటే, దాన్ని పుస్తకంలో ఎక్కించేదాకా అడుగు తీసి అడుగు వెయ్యడు. వానలో ఉంటే వానలోనే నిలబడిపోతాడు. మెట్ల మీద ఉంటే వెనకాల వస్తున్నవాళ్లందరూ ఆగిపోవాలి. "అంటే?" అంటాడు, అంతే. చెప్పేదాకా వదలడు. అందుకే వీధిలో అందరం ఆయన్ని అంటేగారు అంటాం. ఆ సంగతి తెలిస్తే కోపం వస్తుందేమోనని మొదట్లో భయపడ్డాను. తెలిశాక, "ఈ పేరు మొదట ఎవరన్నారు పిన్నిగారూ?" అని అడిగి, అది కూడా రాసుకున్నాడు.

పొద్దున పూట కాలేజీలో పాఠాలు చెబుతాడు. మిగిలిన రోజంతా పరిశోధన. దేని మీదయ్యా అంటే కుర్చీల మీద. మనుషులు నేల మీద నుంచి లేచి కుర్చీ ఎక్కిన దగ్గర్నుంచి ఇవాళ్టిదాకా ఏం జరిగిందో పెద్ద పుస్తకం రాస్తున్నాడట. ఎనిమిదేళ్లయింది మొదలుపెట్టి. ఎంతదాకా వచ్చిందని నేను నెలకోసారి అడుగుతాను.

"పీట దగ్గరున్నాను పిన్నిగారూ" అంటాడు.

"పోయిన నెల కూడా పీట దగ్గరే ఉన్నారు కదా బాబూ?"

"పోయిన నెల పీట కాళ్ల దగ్గరున్నాను."

నల్ల అట్ట పుస్తకం ఒకటి ఎప్పుడూ చంకలో ఉంటుంది. దానికి దారం కట్టి పెన్ను వేలాడేసి ఉంటుంది. పేజీకి నాలుగు గళ్లు గీసుకున్నాడు. మాట ఒక గడి. అర్థం ఒక గడి. ఎవరు చెప్పారో ఒక గడి. నాలుగోది అన్నిటికంటే గట్టిది: 'కళ్లారా చూసింది.' ఎంత పెద్దవాళ్లు చెప్పినా సరే, ఆ వస్తువునో ఆ పనినో తన కళ్లతో చూసేదాకా ఆ గడి నింపడు. నింపేదాకా మనల్ని నిద్రపోనివ్వడు.

ఓసారి సెలూన్లో గడ్డం గీయించుకుంటున్నాడు. సగం గీశాక సెలూనాయన, "ఇటు ఎదురుకత్తి పట్టమంటారా?" అన్నాడట. అంతే, అంటేగారు కుర్చీలోంచి లేచాడు. ఆ రోజు పుస్తకం ఇంట్లో మర్చిపోయాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప సబ్బునురగతో వీధి మధ్యలో నడిచొస్తున్నాడు. వెనకాల సెలూనాయన తువ్వాలు పట్టుకుని, "సార్, కత్తి ఎదురుగా పెట్టి గీయడమే సార్, ఇంకేం లేదు సార్" అని అరుచుకుంటూ వస్తున్నాడు. అంటేగారు ఆగితే కదా. పుస్తకం తీసుకుని వెనక్కి వెళ్లి, మిగిలిన చెంప ఎదురుగా గీయించుకుని, రెండూ తడిమి చూసి, నాలుగో గడి నింపాకే లేచాడు.

మూడో గడిలో తమ ఊసు ఎక్కుతుందని తెలిశాక వీధిలోవాళ్లకి పోటీ మొదలైంది. దర్జీవి పదకొండు మాటలున్నాయి. ఇస్త్రీ ఆవిడవి పద్నాలుగు. దర్జీ ఆ సంగతి విని రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని వాళ్లావిడ నాతో చెప్పింది. ఇస్త్రీ ఆవిడ పదిహేనోది సంపాదించాలని, లేని మాట ఒకటి పుట్టించింది. "దీన్ని గడపమడత అంటారండీ" అంది. "అంటే? ఏదీ, వెయ్యండి చూస్తాను" అన్నాడు. పాపం, అప్పటికప్పుడు చొక్కా తీసుకుని ఏదో ఒక మడత వెయ్యక తప్పలేదు. తమాషా ఏమిటంటే ఆ మడత బాగుంది. ఇప్పుడు మా వీధి చొక్కాలన్నీ అలాగే వస్తున్నాయి.

నాకూ ఆశ ఉంటుంది కదా. "నావెన్ని బాబూ?" అని అడిగాను.

"మీవి ఆరు పిన్నిగారూ."

ఇల్లు అద్దెకిచ్చినదాన్ని, నావి ఆరు. మనసు చివుక్కుమంది. ఆ మధ్యాహ్నమే ఆయనతో కబుర్లలో పడి పాలు పొయ్యి మీద వదిలేశాను. వాసన రాగానే, "అయ్యో, అడుగంటిపోయాయి" అన్నాను. అంటేగారి కళ్లు మెరిశాయి.

"అంటే?"

"అంటే పాలు గిన్నె అడుగున పట్టి మాడిపోయాయని."

"ఎలా పట్టాయో నేను చూడలేదు. ఇంకోసారి అడుగంటించగలరా?"

మా ఆయన వింటే నాకు పిచ్చెక్కిందనేవారు. కానీ ఏడో మాట కదా. ఇంకో గిన్నెడు పాలు పెట్టి, ఇద్దరం పొయ్యి ముందు కూర్చుని, అవి మాడేదాకా చూశాం.

మా ఆయన గురించి చెప్పాలి. కుర్చీల మేస్త్రీ. మా ఇంటి ముందుగదంతా ఆయన కొట్టే. కొత్తవి చేస్తారు, పాతవి బాగుచేస్తారు. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఆ గదిలో చెక్కపొట్టు వాసన తప్ప ఇంకో వాసన లేదు. సాయానికి ఒక పనాయన ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. సుత్తి అడిగితే సుత్తి దగ్గరికి నడిచి వెళ్లడం, దాన్ని చూడడం, తీయడం, తేవడం, నాలుగూ నాలుగు వేరే పనులు ఆయనకి. ఆయన్ని నిదానం అంటాం. పిలిస్తే పలుకుతాడు, కాస్త ఆలస్యంగా.

అంటేగారు మా ఇల్లు అద్దెకి తీసుకున్నదే కింద కొట్టు చూసి. మొదటి ఏడాదంతా సాయంత్రాలు చెక్కపొట్టు గుట్ట మీద కూర్చుని ప్రశ్నలు వేశాడు. మా ఆయనకి మాట్లాడుతూ పనిచేయడం ఇష్టం. పైకి మాత్రం, "ఈయన పరిశోధన ఏమో గానీ నా పని పీట దగ్గరే ఆగిపోతోంది" అని విసుక్కునేవారు. అంటేగారు రాకపోతే, "ఇవాళ రాలేదేం?" అని నన్నే అడిగేవారు.

పోయిన ఏడాది ఒక పొద్దున మా ఆయన మంచం మీద నుంచి లేవబోయి పక్కకి ఒరిగిపోయారు. తలలో రక్తనాళం పూడుకుపోయిందన్నారు ఆసుపత్రిలో. దేవుడి దయ, తొందరగానే తీసుకెళ్లాం. రెండు నెలల్లో కాలు నిలబడింది, చెయ్యి నిలబడింది. ఉలి పట్టుకుంటే వెనకటిలాగే పడుతోంది దెబ్బ. కానీ పేర్లు పోయాయి. మాటలన్నీ పోలేదు చూడండి. తిట్లు ఉన్నాయి. 'ఏమే' ఉంది. 'అబ్బా' ఉంది. వస్తువుల పేర్లు మాత్రం ఒక్కటీ లేదు, అవి లేక వాక్యం కదలదు. అన్నిటికీ 'అది'. "అది ఇయ్యి" అంటారు, నిదానం రంపం తెస్తాడు. "అది కాదు, అది" అంటారు, సుత్తి తెస్తాడు. ఒకటి తేవడానికే పావుగంట పట్టే మనిషితో అది కాదు ఇది కాదు అంటే ఇంక పని ఎప్పుడవుతుంది? చివరికి ఇద్దరూ చెరో మూల కూర్చునేవారు.

ఆసుపత్రిలో మాటలు నేర్పే ఆవిడ ఒకామె ఉంది. చిన్నది, మంచిది. అట్టముక్కల మీద బొమ్మలు చూపించి, "ఇదేమిటి తాతగారూ? పిల్లి. అనండి, పిల్లి" అనేది. మా ఆయన గోడకేసి తిరిగిపోయేవారు. నలుగురికి పని నేర్పిన మనిషి, పిల్లి బొమ్మ చూపిస్తే ఏమంటారు? మూడో రోజు కుర్చీ బొమ్మ చూపించింది. ఉన్నట్టుండి మా ఆయన లేచి కూర్చుని, ఆ బొమ్మ మీద వేలు పెట్టి, "ఇది... ఇది..." అంటూ ఊగిపోయారు. ఆవిడ సంబరపడి, "కుర్చీ, అనండి కుర్చీ" అంటోంది. ఆయన బాధ అది కాదు. బొమ్మలో కుర్చీ వెనక కాళ్లు ఏటవాలు లేకుండా నిటారుగా వేశారు. అలాంటి కుర్చీలో ఎవరైనా వెనక్కి ఆనితే పడిపోతారు. అంత తప్పు కళ్లముందు పెట్టి కుర్చీ అనమంటే ఎలా అంటారు? అది నాకూ అర్థమైంది, మాకు తోడొచ్చిన అంటేగారికీ అర్థమైంది. ఆవిడకి అర్థం కాలేదు. "నోటికి పని చెప్పకపోతే ఇంక రావండీ, ఆర్నెల్లు దాటితే కష్టం" అని చెప్పి మమ్మల్ని పంపించేసింది.

ఇంటికొచ్చాక మా మరిది దిగాడు. కొట్టు ఉన్న గదిలో సగం అతనిది, అన్నదమ్ముల ఉమ్మడి. చెడ్డవాడు కాదు. అన్నయ్య అంటే ప్రాణం. అయితే అతని ప్రాణం ఎప్పుడూ తొందరలో ఉంటుంది.

"వదినా, ఎందుకింక ఈ కష్టం? పనిముట్టు పేరే రాని మనిషి కొట్టెలా నడుపుతాడు? జిరాక్స్ పెట్టుకుంటానని ఒకాయన అడుగుతున్నాడు. గది ఇచ్చేద్దాం. అన్నయ్య హాయిగా పడుకుంటాడు."

"హాయిగా పడుకునే మనిషైతే నేను ఇన్నేళ్లు చెక్కపొట్టు ఎందుకు ఊడుస్తానయ్యా?" అన్నాను.

"సరే. అన్నయ్యని తన నోటితో వద్దనమను. మానేస్తాను. వచ్చే నెలాఖరు ఆదివారం ఆ జిరాక్స్ ఆయన్ని తీసుకొస్తాను, అప్పటిదాకా చూద్దాం."

మా ఆయన అక్కడే ఉన్నారు. నోరు తెరిచారు, మూశారు. చేతిలో ఉన్న ఉలిని పసిబిడ్డని దించినట్టు జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, లోపలికి వెళ్లిపోయారు.

ఆ మర్నాడే ఇంకో పిడుగు పడింది. అంటేగారి నల్ల పుస్తకం పోయింది.

బస్సులోనో, బజార్లోనో, ఎక్కడో తెలియదన్నాడు. వీధి వీధంతా కదిలింది. అందరి మాటలూ అందులోనే ఉన్నాయి కదా. దర్జీ కొట్టు మూసి బస్సు డిపోకి వెళ్లాడు. సెలూనాయన అద్దం మీద కాగితం అంటించాడు. ఇస్త్రీ ఆవిడ చెత్తకుండీలో మోచేతిదాకా చెయ్యి పెట్టి వెతికింది. అంటేగారు మాత్రం మెట్ల మీద నిలబడి, "వద్దండి, వదిలేయండి, పోయిందంతే" అంటున్నాడు. ఎంత కుంగిపోయాడో అనుకున్నాం.

సాయంత్రం అయిదింటికి కొట్లోకి వచ్చి చెక్కపొట్టు మీద కూర్చున్నాడు. చేతిలో కొత్త పుస్తకం, ఎర్ర అట్ట.

"మేస్త్రీగారూ, నా మాటలన్నీ పోయాయండి" అన్నాడు.

రెండు నెలలుగా ఎవరి మొహమూ చూడని మా ఆయన తలెత్తి ఆయన మొహం చూశారు.

"మళ్లీ మొదట్నుంచి రాసుకోవాలి. మీరే దిక్కు" అంటూ ఉలి ఎత్తి పట్టుకున్నాడు. "ఇదేమిటండీ?"

మా ఆయన పెదవులు కదిపారు. రాలేదు.

"సుత్తి, కదూ?" అని అంటేగారు రాసేసుకున్నాడు. పైకి చదివాడు కూడా. "సుత్తి. చెక్క తొలిచే పనిముట్టు."

మా ఆయన తల అడ్డంగా ఊపారు. "కాదా? అయితే రంపం." బల్ల మీద గుద్దారు. "రంపం కూడా కాదా? మరి పట్టకారు అయ్యుంటుంది." నిదానం మూలన నవ్వాపుకోలేక దగ్గుతున్నాడు. మా ఆయన మొహం ఎర్రబడిపోయింది. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. మూడో రోజు అంటేగారు పట్టకారు దగ్గర మొండికేస్తే, "ఉ... ఉలి" అన్నారు.

"ఉలి" అని రాసుకుని వెళ్లిపోయాడు. నాలుగో రోజు వచ్చి ఉలి ఎత్తి పట్టుకుని, "ఇదేమిటండీ?" అన్నాడు.

"నిన్ననే కదా చెప్పారు?" అన్నాను నేను, గుమ్మంలోంచి.

"ఆ పేజీ ఎక్కడో చిరిగిపోయింది పిన్నిగారూ."

అలా మొదలైంది. రోజూ అయిదింటికి రావడం, చెప్పిందే మళ్లీ అడగడం, తప్పుగా రాసుకోవడం, ఆ తప్పుని గట్టిగా చదవడం. పూర్వం ఒక్కసారి చెబితే చాలు, నాలుగు గళ్లూ నింపేసే మనిషికి ఇప్పుడు ఏ మాటా బుర్రకెక్కదు. పదును పెట్టే ఆకురాయిని తెచ్చి, "దీంతో ఉలికి పిడి బిగిస్తారు" అంటాడు. చిత్రిక చూపించి, "మేకులు పీకేది" అంటాడు. చెక్కని నున్నగా చిత్రిక పట్టి బతికిన మనిషి ముందు అలా అనొచ్చా చెప్పండి. ఒకరోజు బాడిస పట్టుకుని, అంత బరువైనది, పదునైనది, చెక్క చెక్కే బాడిస పట్టుకుని, "ఇది కూరగాయలు తరిగేది" అని చదివాడు.

వంటింట్లో ఉన్న నాకు మా ఆయన అరుపు వినపడింది. "నీకు బుర్ర ఉందా? బాడిసతో కూరలు తరుగుతారా? మీ ఇంట్లో తరుగుతారా?"

నాకు ఒళ్లు మండిపోయింది. జబ్బుపడి లేచిన మనిషిని ఇంతలా ఉడికిస్తాడా? డాక్టరు కోపం తెప్పించొద్దన్నాడు. చదువుకున్నవాడివి, తెలియకపోతే తెలియనట్టు ఊరుకోవాలి. ఇల్లు ఖాళీ చెయ్యమని చెప్పేయాలని చీర కొంగు దోపుకుని మర్నాడు పొద్దున్నే మెట్లెక్కాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నాకు కోపం వినపడింది గానీ, మా ఆయన మూడు పూర్తి వాక్యాలు మాట్లాడారన్నది వినపడలేదు.

అంటేగారు కాలేజీకి వెళ్లినట్టున్నాడు, తలుపు చేరవేసి ఉంది. వెనక్కి రావలసింది. కానీ నాకో గుణం ఉంది, చేరవేసిన తలుపు చూస్తే కాలు ఆగదు. ఇల్లు నాదే కదా, గోడకి చెమ్మ దిగిందేమో చూద్దామని లోపలికి వెళ్లాను. గోడలు బాగానే ఉన్నాయి. అల్మరాలో చెమ్మ ఉందేమోనని అది కూడా తీశాను. మడతపెట్టిన దుప్పట్ల కింద నల్ల అట్ట పుస్తకం.

నేను అయిదో తరగతి దాకా చదివాను. కూడబలుక్కుని చదువుతాను గానీ, ఆపకుండా చదువుతాను. 'ఉలి. చెక్కను తొలిచేది. చెప్పినవారు: కుర్చీల మేస్త్రీగారు.' తేదీ రెండేళ్ల కిందటిది. పక్కన చక్కటి బొమ్మ, పిడి మీద మా ఆయన చేతిమచ్చతో సహా. చిత్రిక, ఆకురాయి, బరమా, బాడిస, అన్నీ ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. నావి ఏడు మాటలూ ఉన్నాయి.

పుస్తకం పోలేదు. ఆయన బుర్రా పోలేదు.

వెనక పేజీలు తిప్పాను. అక్కడ గళ్లు వేరేగా ఉన్నాయి. 'మాట. నేను చెప్పిన తప్పు. మేస్త్రీగారి జవాబు.' కింద ఇలా ఉంది: 'ఉలి. సుత్తి అన్నాను, రంపం అన్నాను, పట్టకారు అన్నాను. మూడో రోజు వచ్చింది. నాలుగో రోజు మళ్లీ అడిగితే వెంటనే వచ్చింది.' 'చిత్రిక. మేకులు పీకేది అన్నాను. మాట వచ్చింది, దాంతో పాటు నాలుగు తిట్లు. అందులో ఒకటి నాకు కొత్త.' 'బాడిస. కూరగాయలు అన్నాను. తొమ్మిది మాటలు వరసగా. చాలా మంచి రోజు.'

అన్నిటికంటే కింద, నిన్నటి తేదీతో: 'పిన్నిగారు కోపంగా ఉన్నారు. ఇల్లు ఖాళీ చెయ్యమనేలా ఉన్నారు. ఇంకా బరమా, మూలమట్టం మిగిలాయి. ఆదివారం దాకా ఆగితే బాగుండును.'

దుప్పట్ల మీద కూలబడ్డాను. అదే సమయానికి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. పుస్తకం దాచడానికి చోటు లేదు, నేను దాక్కోడానికి అంతకంటే లేదు.

అంటేగారు గుమ్మంలో నిలబడ్డాడు. నా చేతిలో పుస్తకం చూశాడు.

"చెమ్మ ఉందేమోనని చూస్తున్నాను" అన్నాను.

"ఉందాండీ?"

"లేదు."

ఆయన లోపలికొచ్చి తలుపు చేరవేశాడు. తరవాత ఆయనే అన్నాడు. "మేస్త్రీగారికి చెప్పకండి పిన్నిగారూ. ఆయన ఎవరిచేతా నేర్పించుకోరు. ఆ కుర్చీ బొమ్మ రోజున చూశాను కదా. తప్పు కనపడితే మాత్రం ఊరుకోలేరు. అందుకని..."

"అందుకని ఇస్త్రీ ఆవిడ చేత చెత్తకుండీ వెతికించారు."

"ఆవిడకి నేను వెళ్లి చెప్పుకుంటాను."

"ఆదివారం అయ్యాక చెప్పండి. ఆవిడ నోట్లో మాట ఆగదు." కళ్లు తుడుచుకోవలసి వచ్చింది, చెమ్మ నాకే దిగినట్టుంది. "బరమాని ఏమని చెబుదామనుకుంటున్నారు?"

"చెక్కకి చిల్లులు పొడిచేదే కదా. మూత తీసేది అందామనుకున్నాను."

"చాలదు. అలా అంటే ఆయన నవ్వేస్తారు. బరమాతో చెవులు శుభ్రం చేసుకుంటారని చెప్పండి. మూలలు సరిచూసే మూలమట్టాన్ని బట్టలు ఆరేసుకునే కొక్కెం అనండి. అది వాళ్ల నాన్న చేతిది, మంట పుడుతుంది."

అంటేగారు నాకేసి గౌరవంగా చూశాడు. ఆయనకి తప్పులు చెప్పడం చేతకాదు పాపం, చదువుకున్న మనిషి. ఆ రోజు నుంచి తప్పులన్నీ నావే. పొద్దున కూరలు తరుగుతూ తయారుచేసి, ఆయన నీళ్లకని కిందికి వచ్చినప్పుడు చెవిలో వేసేదాన్ని. బరమా ఒక్క సాయంత్రంలో వచ్చింది. మూలమట్టానికి మా ఆయన అంటేగారి మీదకి చెప్పు విసిరారు, పేరు చెప్పి మరీ విసిరారు. ఆ రాత్రి భోజనంలో నన్నడిగారు, "ఈ పైవాటా ఆయనకి... ఎవరు పాఠాలు చెప్పారే? కాలేజీలో... ఎవరు నమ్ముతున్నారు?" అని. పేర్ల మధ్య తడబాటు ఉంది గానీ, పేర్లున్నాయి. నేను అన్నంలోకి తల వంచుకుని నవ్వాపుకున్నాను.

ఆదివారం రానే వచ్చింది. మరిది జిరాక్స్ ఆయన్ని వెంటపెట్టుకొచ్చాడు. ఆయన టేపు తీసి గోడలు కొలవడం మొదలుపెట్టాడు. ఇక్కడ మెషీన్, ఇక్కడ కౌంటరు, ఇక్కడ నేను అంటున్నాడు. మా ఆయన ఎవరిదో పాత పడకకుర్చీ ముందేసుకుని పనిచేస్తున్నారు. చెక్కపొట్టు మీద అంటేగారు. గుమ్మంలో నేను.

"మూలమట్టం ఇయ్యి" అన్నారు మా ఆయన. నిదానం మూలమట్టమే తెచ్చాడు. నేను మరిదికేసి చూశాను.

"రెండు పేర్లు వచ్చాయి వదినా, సంతోషమే" అన్నాడు మరిది. అన్నయ్య ముందు చతికిలబడి కూర్చున్నాడు. "అన్నయ్యా, ఇటు చూడు. కొట్టు ఇచ్చేద్దామా? ఇష్టం లేదంటే లేదను. నువ్వు చెప్పాలి, ఇంకెవరూ చెప్పకూడదు."

మా ఆయన చేతులు ఆగాయి. నోరు తెరిచారు. "నేను... ఇది..." అన్నారు. పనిముట్ల పేర్లు ఎదురుగా ఉన్నవాటివి, చేతికి తగిలేవి. ఈ మాట దేన్ని పట్టుకుని వస్తుంది? "ఇది... నాది..." మళ్లీ ఆగిపోయింది. నుదురు చెమట పట్టింది. మరిది కళ్లు కిందికి దించుకున్నాడు. జిరాక్స్ ఆయన మాత్రం ఇంకా గోడలు కొలుస్తూనే ఉన్నాడు. ఈ ఒక్కదానికి నేను తప్పు తయారుచేసి పెట్టలేదు.

అప్పుడు అంటేగారు ఎర్ర పుస్తకం తెరిచి, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. "ఇవ్వడానికి ఏముందండీ? కుర్చీ అంటే విప్పుకుని ఎక్కడికంటే అక్కడికి పట్టుకుపోయేది. ఇక్కడ విప్పితే ఇంకోచోట బిగించుకోవచ్చు. విప్పడానికే కదా కుర్చీలు చేసేది."

"విప్పడానికా?"

మా ఆయన లేచి నిలబడ్డారు. చేతిలో మూలమట్టం ఉంది.

"విప్పడానికా చేసేది? నువ్వసలు... ఎనిమిదేళ్లుగా ఏం చదువుతున్నావయ్యా? కొత్త కుర్చీ... కొత్త కుర్చీలో దేని కూత దానిదే. కాలు ఒకటంటుంది, చెయ్యి ఒకటంటుంది. మనిషి కూర్చోగా కూర్చోగా... ఏళ్లు కూర్చోగా... దేనికది సర్దుకుని ఒక్కటవుతుంది. ఒదుగుబాటు అంటాం మేము. మా నాన్న అనేవాడు. ఒదుగుబాటుకి వచ్చిన కుర్చీని విప్పితే అది మళ్లీ కుర్చీ అవదు, పొయ్యిలో కట్టె అవుతుంది." మరిది వైపు తిరిగారు. "ముప్ఫై ఎనిమిదేళ్లు కూర్చున్నానురా ఈ గదిలో. నన్ను విప్పుతావా?"

మరిది ఇంకా చతికిలబడే ఉన్నాడు. "ఎవరు విప్పుతానన్నారు అన్నయ్యా" అన్నాడు. "నేను ఊరికే కొలతలు తీయిస్తున్నాను."

"కొలతలు నాకు తెలుసు. పద్నాలుగు అడుగులు, పది అడుగులు. నీ టేపు ఎందుకు?"

జిరాక్స్ ఆయన టేపు చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు. తెలివైనవాడు. "మా ఇంట్లో కుర్చీ ఒకటి కిర్రుమంటోందండీ, అది తెమ్మంటారా?" అన్నాడు. ఆ మాట అడిగినందుకు ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టి, కుర్చీ ఏ ఏ కారణాలకి కిర్రుమంటుందో మా ఆయన మొదలుపెట్టారు. తడబడినచోట ఆగి, వెతుక్కుని, మళ్లీ అందుకుంటున్నారు. మధ్యలో ఎవరినీ నోరెత్తనివ్వడం లేదు. మరిది రెండుసార్లు లేవబోతే రెండుసార్లూ భుజం నొక్కి కూర్చోబెట్టారు. ఈ వరసన మాట్లాడితే ఇంక నా బతుకేమవుతుందో అనిపించింది.

నేను అంటేగారికేసి చూశాను. ఒదుగుబాటు. ఆ మాట నల్ల పుస్తకంలో లేదు, నేను ఒక్క పేజీ వదలకుండా చదివాను. ఇప్పుడు లేస్తాడు, పని ఆపుతాడు, అందరినీ ఆపుతాడు అనుకున్నాను. పుస్తకం ఒళ్లో తెరిచి ఉంది. పెన్ను మూత కూడా తీయలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, మా ఆయన నోటికేసి చూస్తూ, తలంతా చెక్కపొట్టుతో వెర్రిమాలోకంలా నవ్వుకుంటూ కూర్చున్నాడు.

దగ్గరికి వెళ్లి మెల్లిగా అన్నాను. "కొత్త మాట వచ్చింది బాబూ, రాసుకోరేం?"

"ఎప్పుడు వచ్చింది పిన్నిగారూ?" అన్నాడు, నాకేసి చూడకుండానే.